గుమ్మం ముందు ఆగిన నడక

"మీరు నిలబడ్డది సమాధి మీద."

మాట చీకట్లోంచి వచ్చింది. టీ కప్పుతో గదిలో అడుగుపెట్టిన యువకుడు ఆధునిక శబ్దశాస్త్రాన్ని ఆపోశన పట్టినవాడే. అయినా ఆ క్షణంలో ఆ శాస్త్రమంతా కూడబలుక్కుని అతనికిచ్చిన సలహా ఒక్కటే: కదలకు.

"ఎవరిది?" అన్నాడు.

"ఇంకా ఎవరిదీ కాదు. మధ్యాహ్నం ఒక విలన్‌ని పాతిపెట్టాలి. ముందు దిగండి, మట్టి అణిగిపోతోంది."

లైటు వెలిగింది. అతని బూట్లు ఒక వెడల్పాటి చెక్క తొట్టెలో, తడిమట్టిలో దిగబడి ఉన్నాయి. చుట్టూ అలాంటి తొట్టెలే. ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో ఎండుటాకులు. ఆ పక్కన పాలరాతి బండ, ఎక్కడికీ వెళ్లని ఇనుప మెట్లు, గోడ పొడవునా సకల కులీన సామాన్యుల చెప్పులు. వాటి మధ్య, మడమ దగ్గర వేలెడంత మైకు కట్టుకుని, మోకాళ్ల మీద చేతులానించి, ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

తెర మీద నాయిక నడిచి వస్తున్నప్పుడు వినిపించే అడుగులు నాయికవి కావన్న రహస్యాన్ని లోకం ఇన్నాళ్లూ గ్రహించకపోవడం లోకం చేసుకున్న అదృష్టం. షూటింగులో ఆ అడుగులను జనరేటరు రొద మింగేస్తుంది. తరువాత ఇలాంటి గదిలో, తెర వంక చూస్తూ, మరొకరు ఆమె బదులు నడుస్తారు. ఈ అమ్మాయి మహారాణులకూ, నర్సులకూ, హంతకులకూ, అవసరం పడితే గుర్రాలకూ కాళ్లు అరువిచ్చిన మనిషి. స్టూడియోలో అందరూ ఆమెను అడుగులమ్మాయి అనేవారు.

యువకుడు ఇంజనీరు. తనతోబాటు ఒక ఏఐ యంత్రాన్ని తెచ్చాడు. దానికి దృశ్యం చూపిస్తే చాలు, అందులోని మనుషుల అడుగుల చప్పుడు తానే పుట్టిస్తుంది. స్టూడియో యజమాని దానికోసం ప్రత్యేకంగా ఏసీ గది కేటాయించి, ఆ దరిదాపుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరాదని శాసించాడు. ఆ మర్యాదలు చూసి సిబ్బంది దానికి కొత్తకోడలని పేరు పెట్టారు.

"అయితే కొత్తకోడలికి నడక నేర్పేది నేనన్నమాట," అంది అడుగులమ్మాయి.

"అవునండీ. మీ నడకలన్నీ రికార్డు చేస్తాం. అది వింటుంది, నేర్చుకుంటుంది."

"నేర్చుకున్నాక నన్నేం చేస్తారు?"

"మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు."

"ఇదే గదిలో నాకు ముందు మా మేనత్త నడిచింది. ఇప్పుడు విశ్రాంతే తీసుకుంటోంది. వీలైతే వచ్చి అడగండి, ఎంత హాయిగా ఉందో చెబుతుంది."

యజమాని నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. ఆమె నేర్పినా నేర్పకపోయినా, వానాకాలం వెళ్లగానే ఈ తొట్టెలు బయటికి, పాత కుర్చీలు లోపలికి. తాను నేర్పకపోతే యంత్రం ఇంకెవరి నడకో నేర్చుకుంటుంది. ఎలాగూ గది పోతున్నప్పుడు, రాబోయే నాయికలైనా సవ్యంగా నడవనీ అనుకుని ఆమె ఒప్పుకుంది. ఈ త్యాగాన్ని చరిత్ర నమోదు చేయలేదు. చరిత్రకు అప్పుడు వేరే పనులున్నాయి.

పాఠాలు మొదలయ్యాయి. అద్దానికి ఇవతల అతడు, అవతల ఆమె.

"మామూలుగా నడవండి," అన్నాడు మైకులో.

"మామూలుగా ఎవరు నడుస్తారండీ?"

"అదే, ఏ భావమూ లేకుండా."

"అలా నడిచేవాళ్లని నలుగురు మోసుకెళ్తారు. అది కావాలంటే వేరే చెప్పులు తొడుక్కోవాలి, ఉండండి."

ఆమె నడిచేది, అతడు వినేవాడు. అబద్ధమాడి వచ్చినవాడు మడమలు ఆనించడు. ఉద్యోగం పోయినవాడు చివరి మెట్టు మీద ఇంకో మెట్టుందనుకుని తూలుతాడు. కోపంగా ఉన్న తల్లి వేగంగా నడవదు, సమంగా నడుస్తుంది. ఇవన్నీ ఆమె నోటితో చెప్పేది కాదు. కాళ్లతో చేసి చూపించి, అద్దంలోంచి అతని మొహం వంక చూసేది, అర్థమైందా అన్నట్టు. అర్థమైందో లేదో గాని, అతడు మాత్రం తెరను చూడడం తగ్గించాడు.

"మరి కోడలికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?"

"అదే పట్టేస్తుంది."

"ఎలా?"

"అది నాకూ తెలీదు."

"తెలీదన్న మాట ఇంత ధీమాగా అనడం మీ కాలేజీలో నేర్పారా?"

ఆ గదుల్లోకి వాన చప్పుడు రాదు. బయటి గోడలకు అంత మెత్త వేశారు, నడవా వైపు తలుపులే పలచన. కుండపోతగా కురుస్తున్నా లోపల సమాధిలాంటి నిశ్శబ్దమే. వాన పడుతోందని వాళ్లకు తెలిసేది, నడవాలో పక్కపక్కన ఆరేసిన రెండు గొడుగుల వల్ల మాత్రమే. మొదట్లో ఆ గొడుగుల మధ్య మర్యాదకు తగినంత ఎడం ఉండేది. తరువాత్తరువాత ఒకదాని నీళ్లు రెండోదాని మీద పడుతుండేవి. దీన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

"నేనెలా నడుస్తాను?" అని ఒకనాడు అడిగాడు.

"చెప్పమంటారా?"

"చెప్పండి."

"వెనకనించి ఎవరో పిలుస్తారేమో అన్నట్టు నడుస్తారు."

"నన్నెవరూ పిలవరే."

"అందుకే అలా నడుస్తారు."

ఆనాడంతా అతనికి కాళ్లు ఎలా వేయాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఏ ఆలోచనా లేకుండా చేస్తూ వచ్చిన పని ఒక్కమాటతో చెయ్యరానిదైపోయింది.

కొన్ని వారాలకు కొత్తకోడలు సొంతంగా పనిచేయడం మొదలుపెట్టింది. భయం కూడా అప్పుడే మొదలైంది.

పట్టపగలు. అతడు తన గదిలో ఒక్కడే కూర్చుని యంత్రం అడుగులు వేసిన సీరియల్ వింటున్నాడు. వెనకనించి అడుగులు వచ్చాయి. చెక్క నేల మీద తేలిగ్గా, దగ్గరగా. సరిగ్గా తలుపు అవతల ఆగాయి. ఆ ఆగడంలో ఒక బిగబట్టిన ఊపిరి ఉంది.

"రండి," అన్నాడు.

ఎవరూ రాలేదు. లేచి తలుపు తీశాడు. నడవా ఖాళీ. తిరిగొచ్చి చూస్తే తెరమీద సీరియల్ నాయిక తన వంటింట్లోకి తాను నిక్షేపంగా నడిచి వెళుతోంది. ఆమె కాళ్లు ఎక్కడా ఆగలేదు, ఆగింది చప్పుడు ఒక్కటే.

మొదట ఆ నాయిక. తరువాత ఆసుపత్రి నర్సు. తరువాత విలన్ తల్లి, స్కూలు టీచరు, మహారాణి. బొమ్మ ఎటుపోతున్నా, తలుపు దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఆడమనిషి అడుగూ ఒక్క క్షణం తటపటాయించి ఆగేది. ఫోన్లు మొదలయ్యాయి.

"మా హంతకురాలు గుమ్మం దగ్గర నిలబడి ఆలోచిస్తోందేమిటండీ? ఇంకెప్పుడు చంపుతుంది?" అన్నాడు ఒక నిర్మాత.

"మా గుర్రానికేం వచ్చింది?" అన్నాడు ఇంకొకడు. "సాల ముందు ఆగి సిగ్గుపడుతోంది."

మనుషులున్న దృశ్యాలు నయం. ఒక కథలో ఖాళీ నడవా చూపించారు. అందులో ఎవరూ లేరు, గాలికి ఊగే పరదా తప్ప. కోడలు ఆ ఖాళీలోకి కూడా అడుగులు పంపింది. వచ్చాయి, ఆగాయి. ఇంకో ఖాళీ గది చూపిస్తే అక్కడికీ వచ్చాయి. అతడు విన్నకొద్దీ ఒళ్లు చల్లబడిన సంగతి మరొకటి ఉంది. వచ్చిన అడుగులే తప్ప, తిరిగి వెళ్లిన అడుగులు ఒక్కచోట కూడా లేవు. ఆ లెక్కన తలుపు అవతల ఈపాటికి ఎందరు నిలబడి ఉండాలి?

అతడు తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవడం మానేశాడు.

"దయ్యాన్నైనా తియ్యండి, మిమ్మల్నైనా తీసేస్తాను," అన్నాడు యజమాని. ప్రేతవిద్యకూ సిబ్బంది నిర్వహణకూ మధ్య ఆయన ఎన్నడూ గీత గీయలేదు.

ఇక్కడ మనం కాసేపు మేనత్త ఇంటికి వెళ్లాలి. ఆవిడకు మోకాళ్లు అరిగాయి గాని చెవులు అరగలేదు. టీవీ ముందు కళ్లు మూసుకుని కూర్చునేది. వినడం చేతకానివాళ్ల కోసమే బొమ్మ పెట్టారని ఆవిడ సిద్ధాంతం.

"ఏమే, ఎవరి గుమ్మం అది?" అంది, మేనకోడలు చెప్పులు విడవకముందే.

"ఏ గుమ్మం అత్తా?"

"ఇందాక సీరియల్లో పిల్ల పుట్టింటికి వెళ్లి గుమ్మం ముందు ఆగింది. కన్నవాళ్ల ఇంటి ముందు ఎవరైనా అలా ఆగుతారా? ఆగింది ఆ పిల్ల కాదు. నువ్వు."

"అది మెషిన్ అత్తా."

"మెషిన్‌కి ఊపిరి బిగబట్టడం ఎవరు నేర్పారే?"

అడుగులమ్మాయి చేతి సంచి కింద పెట్టి, మళ్లీ తీసి, ఇంకోచోట పెట్టింది.

ఆమె రోజూ మధ్యాహ్నం, రికార్డు చేసిన టేకులు వినడానికి ఇంజనీరు గదికి వెళ్లేది. వెళ్లే ముందు మడమ మైకు ఆపాలి. ఆపడం మరచిపోయేది. ఒంటిమీద నగ ఉన్న సంగతి ఎలా గుర్తుండదో, ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు కాలి మైకు అలాగే గుర్తుండదు. తలుపు దాకా వెళ్లి, వట్టి టేకులు వినడానికే వచ్చానా అని తన్ను తాను ప్రశ్నించుకుని, జవాబుకు జడిసి, కొన్నాళ్లు లోపలికి వెళ్లేది, చాలానాళ్లు వెనక్కి వచ్చేసేది. మూసుకోని మైకు అదంతా విన్నది. విన్నదంతా విద్యేననుకుని కోడలు భక్తిశ్రద్ధలతో నేర్చుకుంది. ఇప్పుడు ఊరిలో ప్రతి ఇంటా, భోజనాల వేళ, ఆమె మనసు గుమ్మం ముందు నిలబడి వినిపిస్తోంది.

"అబ్బాయి మంచివాడేనా?" అంది అత్త.

"గుర్రంలా నడుస్తాడు."

"నేనడిగింది నడక గురించి కాదు."

"మంచివాడే," అంది నేల వంక చూస్తూ.

అత్త టీవీ కట్టేసింది. "నేనూ ఒకప్పుడు ఒక గుమ్మం దాకా వెళ్లానే. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తిరిగొచ్చేశాను. నువ్వూ అదే చేస్తున్నావు కదూ? వెళ్లడం వినిపిస్తోంది, రావడం వినిపించడం లేదు. ఆ విద్య నీకు నేర్పింది నేనే. అదొక్కటి నేర్పకుండా ఉండాల్సింది."

మర్నాడు స్టూడియోలో అతడు యంత్రాన్ని పూర్తిగా ఆపేసి, హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి, ఒట్టి చెవులతో కూర్చున్నాడు. నడవాలో అడుగులు వచ్చాయి. ఆగాయి. యంత్రం ఆగి ఉందని మరోసారి చూసుకున్నాడు. మెల్లగా వెళ్లి తలుపు లాగాడు.

ఎవరూ లేరు. గుమ్మం ముందున్న రబ్బరు పట్టా మీద, దాని అవతల చెక్క నేల మీద, తడిగా, మట్టిగా, చెప్పుల్లేని పాదాల గుర్తులు. వేళ్లు వెనుదిరిగి వెళ్లే వైపుకు ఉన్నాయి. అతడు చూస్తుండగానే చివరిది ఆరిపోయింది.

దయ్యాలకు సమాధిమట్టి అంటుకుని ఉండడం సబబే. కాని ఈ మట్టి తొట్టెలోది. అతడు పాత రికార్డులు తీసి, ఆమె నేర్పిన చెవితో విన్నాడు. చెక్క నేల, చెక్క నేల, చెక్క నేల. తరువాత రబ్బరు. స్టూడియో మొత్తంలో రబ్బరు పట్టా ఉన్న గుమ్మం ఒక్కటే. ఆపై ఊపిరి, గుడ్డ రాపిడి, ఇక ఏమీ లేదు.

అతడు ఆ "ఏమీ లేదు"ను మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు.

ఆమె వచ్చినప్పుడు ఈసారి తలుపు దబ్బున తోసుకుని వచ్చింది. కోపం మనిషికి గొప్ప ధైర్యాన్నిస్తుంది. అందులోనూ కోపం తనమీద తనకే అయినప్పుడు.

"అది తీసెయ్యండి."

"ఏది?" అన్నాడు, తెలిసే.

"మీకు తెలుసు. నన్నడక్కుండా అది ఊరంతా చాటుతోంది. తీసెయ్యండి."

"టీలో కరిగిన పంచదారని చెంచాతో ఏరమంటే ఎలా? మళ్లీ నేర్పడం ఒక్కటే దారి. మీరు అక్కణ్నించి నడిచి వచ్చి, ఆగకుండా తలుపు తీసుకుని లోపలికి రావాలి. అది నమ్మేదాకా, ఎన్నిసార్లైనా."

"అంతేగా."

అంతే కాలేదు. రాజ్యాలేలే రాణిలా నడిచినది, ఉరికంబానికి వెళ్లే మనిషిలా నడిచినది, శవం బరువు మోస్తున్న నలుగురిలా ఒక్కతే నడిచినది, ఒక మామూలు తలుపులోంచి మామూలుగా లోపలికి రాలేకపోయింది. వేగంగా వచ్చినా ఆగింది. లెక్కపెట్టుకుంటూ వచ్చినా ఆగింది. కళ్లు మూసుకుని వచ్చి తలుపుకు గుద్దుకుంది, గుద్దుకునే ముందు ఆగింది.

"ఇంకోసారి," అంది బయటినించి, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

స్పీకరులో అతని గొంతు వినిపించింది. "ఈసారి మీరు రావద్దు. అక్కడే ఉండండి."

తలుపు తెరుచుకుంది. అతడు బయటికి నడిచి వచ్చాడు. చెడ్డ నడక. కాళ్లు తడబడి, రబ్బరు పట్టా మడతపడి, ఆమె ముందు ఒక అడుగు దూరంలో ఆగాడు.

"మైకు ఆన్‌లో ఉంది," అందామె.

"తెలుసు."

"ఇది కూడా అది నేర్చుకుంటుంది. రేపు అందరి ఇళ్లలోనూ వినిపిస్తుంది."

"వినిపించనీ. మీరొక్కరే ఎందుకు బయటపడాలి? పక్కన నాదీ ఉండనీ."

"మీ నడక ఏ హీరోకీ పనికిరాదు."

"హీరోలకి ఇచ్చేందుకు కాదు. మీరు వచ్చినట్టు తెలిసి కూడా లోపల కూర్చున్నవాడు ఎవడైనా ఉంటాడా? నాకు తెలీలేదంతే. దయ్యమనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయంగానే ఉంది."

ఆమె వంగి చెప్పులు విప్పబోయి, మానేసింది. మైకు దాన్ని కూడా రికార్డు చేసింది. తరువాత రెండు జతల అడుగులు కలిసి నడవా చివరిదాకా వెళ్లాయి.

యంత్రం బాగుపడలేదు. ఇప్పుడు ప్రతి కథలోనూ అడుగులు వచ్చి ఆగాక, తెరమీద మూసి ఉన్న తలుపు కిర్రుమని, ఎవరో ఒక మొరటు మనిషి తడబడుతూ బయటికి వచ్చేవాడు. సబ్బు ప్రకటనలో వచ్చాడు. వార్తల్లో వచ్చాడు. గుర్రానికి కూడా ఎదురొచ్చాడు. యజమాని తల పట్టుకుని, దాన్ని తుడిచిపెట్టి మచ్చలేని మరొక యంత్రాన్ని తెప్పించమన్నాడు. అది వచ్చింది. దాని మనుషులు ఎంత నిర్దోషంగా నడిచారంటే, వాళ్లు గదిలోకి వచ్చిన సంగతి చూసేవాళ్లకు తెలిసేదే కాదు. చివరకు ఆయన మధ్యేమార్గంగా ఒక శాసనం చేశాడు. మామూలు నడకలన్నీ యంత్రానికి, తలుపున్న సీన్లు మాత్రం మనిషికి. తొట్టెలు సగం బయటికి పోయాయి, సగం మిగిలాయి. ప్రేమకథల్లో తలుపులకు కరువు లేదు గనుక అడుగులమ్మాయికి పని మిగిలింది. యంత్రం నెగ్గితే ఇంజనీరుకు రావలసిన పై పదవి, ఆ పెద్ద కుర్చీ, మాత్రం రాలేదు. దాన్ని గురించి అడిగితే, ఏ కుర్చీ అనేవాడు.

పాత కోడల్ని తుడిచిపెట్టే సాయంత్రం ఇద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. అతడు చివరిసారిగా దానికి ఆ ఖాళీ నడవా చూపించి, దృశ్యం ముగియకుండా పొడిగించాడు.

అడుగులు వచ్చాయి, ఆగాయి. తలుపు తెరుచుకుంది. రెండు జతలు కలిసి బయల్దేరాయి. రబ్బరు దాటాయి, చెక్క దాటాయి. అక్కడితో అయిపోవాలి, రికార్డు చేసింది అంతే. కాని అవి ఆగలేదు. ఎవరూ ఎక్కని మెట్లు దిగాయి. తడి కంకర మీద నడిచాయి. వేర్వేరు లయలు కాస్త కాస్తగా ఒక్కటయ్యాయి. తెరమీద పరదా ఊగుతూనే ఉంది.

ఆమె ముందుకు వంగింది. మొహంలో రంగు మారింది.

"ఏమైంది?"

"నీ ఎడమ మోకాలు పట్టేసింది."

"నా మోకాలు బాగానే ఉందే."

"ఇప్పుడు."

అడుగులు నెమ్మదించాయి. ఒకదాని మడమ అరిగింది. రెండోది దానికోసం ఆగి, మళ్లీ కదిలింది. మధ్యమధ్య విరామాలు పొడుగయ్యాయి. ఎక్కడో చేతికర్ర తాకిన చప్పుడు. ఎవరి చేతిదో ఆమెకు తెలుసు, చెప్పలేదు. తరువాత ఒక అడుగు పడింది. రెండోది పడడం ఆలస్యమైంది.

ఆమె చెయ్యి చాచి యంత్రాన్ని ఆపేసింది.

అతడు ఆగిపోయిన తెర వంక చూశాడు.

"ఎందుకు ఆపావు? తరువాత ఏమైందో..."

"తరువాతది దీన్నడిగి తెలుసుకోను," అంది లేస్తూ. "నడిచి చూస్తాను."

"నేను?"

"నువ్వు పక్కన నడు. మోకాలు జాగ్రత్త."